కొత్తిమీర కట్ట బాకీ

బెర్గెన్, నార్వే,
1 ఆగస్టు 2018

ప్రియమైన అబ్బాజీకి,

మీ తౌకీర్ సలాములు. చెప్పేద్దామని మూడుసార్లు ఫోను చేశాను. మీరు "ఏరా, రొట్టె తిన్నావా?" అనగానే తిన్నానని చెప్పి పెట్టేశాను. మీరు హజ్‌కు బయల్దేరడానికి ఎనిమిది రోజులే ఉంది. ఇక దాచడం నా వల్ల కాదు.

మీ ప్రయాణానికి నేనిచ్చిన తొంభై ఐదు వేల క్రోనర్లు ఓవర్‌టైం డబ్బు కాదు. చేపల ఫ్యాక్టరీ క్యాంటీనులో కూర్చుని, నాలుగు నిమిషాల్లో ఫోనులో తీసుకున్న వడ్డీ అప్పు. వడ్డీ మన దీన్‌లో పాపం, ముట్టుకోవద్దని మీరు చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉన్నారు. తెలిసే తీసుకున్నాను. రెండు నెలల్లో తీర్చేస్తాననుకున్నాను. ఏప్రిల్ నుంచి కట్టేదంతా వడ్డీకే పోతోంది, అసలు కదల్లేదు.

మొన్న చెల్లి సాదియా చెప్పింది. వెళ్ళేముందు మీరు ఇంటింటికీ తిరిగి బాకీలు తీరుస్తున్నారట, తప్పులుంటే మన్నించమంటున్నారట. కొత్తిమీర కట్టకు ఇవ్వడం మరిచిన పన్నెండు క్రోనర్ల కోసం వానలో రియాజ్ కొట్టుకు మళ్ళీ నడిచారట. అది నవ్వుతూ చెప్పింది. అలాంటి మనిషి చేతిలో నేను ఈ డబ్బు పెట్టాను. చెప్పకపోతే మీ హజ్ పాడుచేసినవాణ్ణి, చెబితే ఆపినవాణ్ణి. తిట్టండి, కొట్టండి. మాట్లాడటం మాత్రం మానకండి.

మీ
తౌకీర్

ఓస్లో,
4 ఆగస్టు

ఒరేయ్ తౌకీర్, నా బేటా,

నాలుగు నిమిషాల్లో అప్పు చేసినవాడివి, చెప్పడానికి నాలుగు నెలలు పట్టిందా? నీ ఉత్తరం చదివి చేతిలో గిన్నె విసిరికొట్టాను. "గిన్నేం చేసింది మీకు?" అంది మీ అమ్మ. కోపం దిగకుండానే ట్రావెల్స్ వాడి దగ్గరకు వెళ్ళి టికెట్ వాపసు చేశాను.

"చాచాజీ, వారంలో ప్రయాణం పెట్టుకుని ఇదేం పని?" అన్నాడు.

"అప్పు తీరకుండా నేను వెళ్ళనయ్యా. అప్పుందని ఇప్పుడే తెలిసింది" అన్నాను.

డెబ్భై వేలు తిరిగొచ్చాయి. నీకు పంపాను, అందగానే కట్టేయి. మిగతాది నెలనెలా నువ్వు సగం, నా పెన్షన్‌లోంచి నేను సగం.

నలభై మందిని మన్నించమని అడిగానురా, ట్రామ్ నడిపే రోజుల్లో పోట్లాడిన డ్రైవర్‌తో సహా. నిన్ను అడగలేదు. రెండేళ్ళుగా ఫోను చేసినప్పుడల్లా "యాకూబ్ కొడుకు తండ్రిని హజ్‌కు పంపాడు" అని నిన్ను పొడుస్తూనే ఉన్నాను. వడ్డీ తప్పని వెయ్యిసార్లు చెప్పాను. డబ్బు లేకపోతే లేదని నాతో చెప్పరా అని ఒక్కసారీ అనలేదు. నన్ను మన్నించు.

హజ్‌లో కట్టుకోవాలని తెచ్చుకున్న తెల్లటి ఇహ్రాం బట్టలు మీ అమ్మ మడిచి పెట్టెలో దాచింది. గురువారం రైలెక్కి రా. శుక్రవారం నమాజు కాగానే అందరూ చుట్టుముట్టి, "విమానం వెళ్ళిపోయిందిగా, మీరింకా ఇక్కడే ఉన్నారేం?" అంటారు. అప్పుందని చెబుతాను. ఎవరిదని అడిగితే మాదంటాను. అప్పుడు నువ్వు నా పక్కన ఉండాలి, తల వంచుకోకుండా.

నీ
అబ్బాజీ