మోచేతి మీది ఎర్ర కుట్టు

సులోచనా,

యల్లమ్మ పెద్దమ్మ పదింటికి వస్తుంది. చాయ్ ఇచ్చి కూర్చోబెట్టు. నేను వచ్చేదాకా ఆమె కొడుకు మిలిటరీ స్కూల్ కోటు మాత్రం పెట్టెలోంచి తియ్యకు.

కోటు లోపలి పేరు చూసి ఆమెకు కబురు పంపింది నేనే. నిన్న చౌకులో కలిసి, "మోచేతికి నేనేసిన ఎర్ర కుట్టుంటది బిడ్డా. అది ముట్టుకుంటే లడాయిల పోయిన నా కొడుకును ముట్టుకున్నట్టే" అంది. కానీ నేను జమచేసిన పాత కోట్లన్నిటికీ చేసినట్టే, వంకరగా ఉందని ఆ కుట్టు విప్పేసి, చిరుగు ఆనవాలు లేకుండా పోగుకు పోగు కలిపి నేసేశాను.

ఆ దారం పీలికల మూటతో దూదేకులాయనకు పోయింది. అక్కడికే వెళ్తున్నాను. దొరక్కపోతే నేనే చెప్తాను, నువ్వు చెప్పకు.

వాసుదేవ్

నా అంగీకి నువ్వు వేసిన కుట్టు కూడా అట్లాగే విప్పి నేశాను కదా. ఆ రోజు నువ్వెందుకు అన్నం తినలేదో ఇప్పుడు తెలిసింది.