షీటు చివర స్టార్ గుర్తు

బంగారూ,

మొన్న నా బీపీ మాత్రలు అయిపోతే, చినిగిన మాత్రల షీటు ముక్క పట్టుకుని మీ అన్నయ్య పనిచేసిన మందుల షాపుకు వెళ్ళాను. వాడు పోయాక ఆ మెట్టెక్కడం అదే మొదలు.

వాడు సీ భాషలో రాసిపెట్టిన కంప్యూటర్ ప్రోగ్రామే ఇంకా వాడుతున్నారమ్మా. షీటు మీద కనిపించే అక్షరాలు కొట్టి, చినిగిన చోట స్టార్ గుర్తు పెడితే మందు పేరు చూపిస్తుంది. నా ముక్క మీది అక్షరాలు కొట్టి చివర స్టార్ పెడితే మాత్రం, అలాంటి మందే లేదంది. ఓనరు గారికి ఒళ్ళు మండింది. "ఎదురుగా అరలో ఉంటే లేదంటుందేంటమ్మా! కళ్ళు నాకు పోయాయా, దీనికా?" అన్నారు. తీరా చూస్తే పేరంతా నా ముక్క మీదే ఉంది, చినిగిపోయిన వైపు అక్షరమే లేదు.

"స్టార్ అంటే ఎన్ని అక్షరాలైనా కావచ్చమ్మా, ఒక్కటీ లేకపోయినా సరే" అని వాడు నాకు చెప్పేవాడు. పేరు అయిపోయాక చివర స్టార్ ఒక్కటే మిగిలితే ఒప్పుకోవాలని దానికి నేర్పడం మరిచిపోయినట్టున్నాడు.

ఓనరు గారు దాన్ని తీసేసి వేరేది కొంటానన్నారు. "మా అమ్మాయికీ ఆ పని వచ్చండీ, ఆదివారం దాకా ఆగండి" అని మాటిచ్చేశాను. నిన్ను అడగలేదని కోప్పడకు. అది రాసింది వాడి గదిలోని కంప్యూటర్లోనే, దాన్ని ముట్టుకోనన్నావని తెలుసు. నేనూ వాడి గది తలుపు తీయలేదు కదా. నిన్న తీశాను. ఏడుపొచ్చింది గానీ, కిటికీ తెరిచి దుమ్ము తుడిచాక కాసేపు కూర్చోగలిగాను. నువ్వొస్తే పక్కనే కూర్చుంటాను.

హాస్టల్లో సరిగ్గా తినడం లేదట. వేళకు కడుపునిండా తిను తల్లీ.