మా నాన్న ఊదని గొట్టం

లైసెన్సుల విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: శ్వాస పరీక్షకు నిరాకరించినందుకు సస్పెండైన స్కూలు వ్యాను డ్రైవరు లైసెన్సును సోమవారం లోపు పునరుద్ధరించుట, మరియు నిరాకరించమని సలహా ఇచ్చిన మేధావిపై తగు చర్య గురించి.

పై విషయమును పురస్కరించుకొని విన్నవించుకొనునది ఏమనగా, సదరు డ్రైవరు నా తండ్రి. సదరు మేధావిని నేను. న్యాయశాస్త్రం మూడో సంవత్సరం చదువుతున్నాను. చదువుతున్నాను అన్న మాటపై తమకు అభ్యంతరం ఉంటే, నేను వాదించను.

1. గత మంగళవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు నా తండ్రి పిల్లల్ని తెచ్చేందుకు ఖాళీ వ్యానుతో బయలుదేరి, దారిలో కాలేజీ దగ్గర దించడానికి నన్ను ముందు సీట్లో ఎక్కించుకున్నారు. మలుపు తిరిగాక నా వైపు అద్దం పూర్తిగా దించారు. "చలేస్తోంది నాన్నా" అన్నాను. "కాస్త గాలి రానీరా" అన్నారు.

2. వంతెన కింద తనిఖీ. ఎస్సై గారు కిటికీలోంచి తల పెట్టి, ముక్కు ఎగబీల్చి, "పొద్దున్నే మొదలెట్టావా పెద్దాయనా? ఊదు" అన్నారు. నా తండ్రి నోరు తెరిచేలోపు నేను తెరిచాను.

3. నేను ఏకరువు పెట్టిన హక్కులు: కొత్త గొట్టం వాడాలి, యంత్రంలో అంకె మాకు చూపించాలి, కాగితం ఇవ్వాలి, ఎక్కువ వస్తే రక్తపరీక్ష కోరవచ్చు. ఇవన్నీ సబబే. ఎస్సై గారు ఓపికగా కొత్త గొట్టం కవరు చింపి చూపించారు కూడా. ఇక ఊదడమే తరువాయి. అప్పుడు ఐదోది చెప్పాను: అసలు ఊదకుండా ఉండే హక్కు. అది ఏ పుస్తకంలోనూ లేదు. అక్కడికక్కడే పుట్టించాను.

"అయితే ఆసుపత్రికి పదండి, రక్తం ఇవ్వండి" అన్నారాయన.

"రక్తం ఆయన స్వార్జితం. ఇవ్వరు" అన్నాను.

ఎస్సై గారు నన్ను వదిలేసి నా తండ్రి వైపు తిరిగారు. "పెద్దాయనా, ఈ కుర్రాడి మాట పట్టుకుంటే లైసెన్సు పోతుంది. తాగకపోతే ఊదెయ్, వెళ్ళిపోదువుగాని."

నా తండ్రి నన్ను ఒకసారి చూశారు. "మావాడు లా చదువుతున్నాడండీ. వాడెలా చెప్తే అలాగే" అన్నారు.

4. నా తండ్రి మద్యం ముట్టరు. దగ్గు మందు సీసా కూడా చీటీ చదివి గానీ మూత తియ్యరు. ఊది ఉంటే సున్నా వచ్చేది. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తెలుసు.

5. మరి ఎందుకు ఊదనివ్వలేదని తమరు అడుగుదురు. (ఈ అంశం మూడుసార్లు రాసి కొట్టేశాను.) సున్నా వస్తే, మరి ఆ వాసన ఎవరిదన్న ప్రశ్న వచ్చేది. వ్యానులో ఉన్నది ఇద్దరం. ముందురోజు రాత్రి స్నేహితుడి గదిలో చదువుకున్నానని ఇంట్లో చెప్పాను. చదివింది సీసా మీది అక్షరాలు. పక్క సీట్లో కూర్చున్నవాడు తాగి ఉంటే కేసు లేదని కూడా నాకు తెలుసు. "వాసన నాదండీ" అంటే సరిపోయేది. ఆ రెండు మాటలు నోట రాక, ఇరవై నిమిషాలు చట్టం మాట్లాడాను.

6. లైసెన్సు ఆరు నెలలు సస్పెండు. స్కూలువారు సోమవారం దాకా చూసి వేరే డ్రైవర్ని పెట్టుకుంటామన్నారు. నా తండ్రి ఇప్పటికీ ఆరింటికల్లా యూనిఫారం చొక్కా తొడుక్కుని కూర్చుంటున్నారు. "ఎక్కడికి?" అని అమ్మ అడిగితే "ఎక్కడికీ లేదు, అలవాటు" అంటున్నారు. పక్కింటివాళ్ళు పలకరిస్తే "మా లాయరు గారు చూసుకుంటున్నార్లెండి" అంటున్నారు. ఆ మాట వినబడినప్పుడల్లా నేను స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటున్నాను. ఇంట్లో నాకు శుభ్రత పెరిగిందని అనుకుంటున్నారు.

కావున తమరు సోమవారం లోపు మా ఇద్దరినీ పిలిపించి, నా వాంగ్మూలం నమోదు చేసి, ఆయన లైసెన్సు ఆయనకు ఇప్పించవలెను. ఆ గొట్టం ఒకటి నాకూ ఇప్పించవలెను. ఇప్పుడు సున్నాయే వస్తుందని తెలుసు. అయినా ఆయన ఎదుట ఊదాలని ఉంది.

ఇందులో వేళాకోళం కనబడిన చోటల్లా కొట్టివేసి, మిగిలినది చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వ్యాను డ్రైవరు గారి అబ్బాయి

తా.క.: అర్జీపై లైసెన్సుదారు సంతకం కూడా ఉండాలని తమ గుమాస్తా గారు అన్నందున, దీన్ని ఆయనకు చూపించక తప్పలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని ఐదో అంశం దాకా చదివి ఆగారు.

"అద్దం ఎందుకు దించాననుకున్నావురా?" అన్నారు.

"తెలిస్తే మరి ఊదలేదేం నాన్నా?"

"నీ మీద కేసు రాస్తే రేపు నల్లకోటు ఇవ్వరేమో అనుకున్నా."

"పక్కన కూర్చున్నవాడి మీద కేసుండదు నాన్నా."

కలం మూత తీశారు.

"ఆ ముక్క అక్కడే చెప్పొచ్చు కదరా" అని, సంతకం పెట్టారు.