ఒక పన్ను ముందుకు

ప్రియమైన నాన్నకు,

బండి బాగుంది. నేనూ బాగానే ఉన్నాను. నువ్వు అడిగే వరుసలోనే రాశాను.

పంపుల కార్ఖానాలో లేతు పని కుదురుకుంది. ఆదివారాలు ఇక్కడి క్లబ్బువాళ్ళతో కొండ దగ్గరికి వెళ్తున్నాను. మూడు కిలోమీటర్ల పొడవున ఎక్కే దారి, పదకొండు మలుపులు. ఒక్కొక్కరినే వదులుతారు, పోటీ గడియారంతోనే. వెయ్యి సీసీలోపు పాత ఇంజన్లకు వేరే తరగతి ఉంది. అందులో రికార్డు మూడు నిమిషాల పన్నెండు సెకన్లు. ఆరేళ్ళుగా అది ఇక్కడ బేకరీ నడిపే ఒకాయన పేరు మీదే ఉంది. నాకు మొన్న మూడు ఇరవై ఒకటి పట్టింది.

బేకరీ ఆయన మన పాత కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఏమ్మా, మ్యూజియంలో చెప్పే తెచ్చావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇరవై రెండేళ్ళ కిందట నువ్వు తుక్కులోంచి తెచ్చి నిలబెట్టిన ఇంజనని వాళ్ళకేం తెలుసు? పందెం తొమ్మిది వారాల్లో ఉంది. నీ ఇంజనుతోనే ఆ పన్నెండును కిందికి దించాలి.

మలుపు తిరిగాక ఇంజను దగ్గుతోంది. ఏం చెయ్యమంటావు?

నీ కూతురు

*

అమ్మడికి,

ఇంజను దగ్గిందంటే దానికి తిండి ఎక్కువైంది. అంత ఎత్తులో గాలి పలచన. ఇక్కడి గాలికి నేను కార్బురేటర్లో పెట్టిన జెట్టు అక్కడ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ప్లగ్గు విప్పి చూడు, మసి పట్టి ఉంటుంది. ఒక్కో నంబరు జెట్టు తగ్గిస్తూ పో. ప్లగ్గు మూతి బిస్కెట్టు రంగుకు వచ్చినచోట ఆగు. తెల్లబడితే వెనక్కి రా, లేకపోతే పిస్టను కాలుతుంది.

ఎంత తగ్గించావో, ఎంతసేపు పట్టిందో రాసి పంపు. ఫోనులో వద్దు. నువ్వు చెప్పేది నేను వినేలోపు మీ అమ్మ లాక్కుంటుంది.

మ్యూజియం అన్నవాడికి చెప్పు. ఆ బండిలో నలుగురిని ఎక్కించుకుని రెండో గేరులో ఇక్కడి గుట్ట ఎక్కేవాణ్ణి. కొత్త బళ్ళవాళ్ళు దిగి తోసుకునేవారు. ఎత్తులో లాగడమంటే మేస్త్రీ బండిదే అని వర్క్‌షాపంతా అనేది. ఆ లాగుడు నా చేతిపనిలో ఉంది.

మీ నాన్న

*

ప్రియమైన నాన్నకు,

నువ్వు చెప్పినట్టే మూడు నంబర్లు తగ్గించాను. బిస్కెట్టు రంగు వచ్చింది, దగ్గు పోయింది. మూడు పదిహేడుకు దిగాను. రెండు ఆదివారాలుగా అక్కడే ఆగిపోయాను. బేకరీ ఆయన నిన్న ఒక రొట్టె చేతిలో పెట్టాడు. ఓడబోయేవాళ్ళకి ఉచితమట.

ఇంజను ముందు కవరు దగ్గర ఆయిలు కారుతుంటే గాస్కెట్టు మార్చడానికి విప్పాను. లోపలి గేర్లు చూశాను. ఒకటి అడుగుతాను, కోప్పడకు. వాల్వులు తెరిపించే క్యాము గేరు నువ్వే ఎక్కించావా, ఎవరిచేతైనా ఎక్కించావా? దాని మీది చుక్కా, క్రాంకు గేరు మీది చుక్కా ఎదురెదురుగా పెట్టే బిగించావా?

ఊరికే అడిగాను.

నీ కూతురు

*

అమ్మాయికి,

ఊరికే అడిగానని రాశావు. నువ్వు ఊరికే ఏదీ అడగవు. మీ అమ్మ పోలిక.

ఆ గేరు నేనే ఎక్కించాను. చుక్కకు చుక్క కలిపి బిగించాను. ముప్పై ఏళ్ళు మేస్త్రీగా చేసినవాణ్ణి. చుక్కలు కలపడం పనిలో చేరిన మొదటి నెలలో నేర్చుకున్నాను. ఆ కవరు మూసెయ్యి, మళ్ళీ విప్పకు. సెకన్లు దొరక్కపోతే నీ కాలిలో వెతుక్కో, నా ఇంజనులో కాదు.

నాతో పనిచేసిన పొట్టి ఫిట్టరు వచ్చాడు. నీ ప్రశ్న చదివి వినిపించాను. ఎప్పుడూ కూర్చుని వాగేవాడు, టీ సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. వాడికీ కోపం వచ్చినట్టుంది.

మీ నాన్న

*

ప్రియమైన నాన్నకు,

ఐదు వారాలుగా ఉత్తరం లేదని తిట్టుకునే ఉంటావు. అబద్ధం రాయడం ఇష్టం లేక ఏమీ రాయలేదు.

నీ మాట వినలేదు నాన్నా. ఆ చుక్కలు ఎదురెదురుగా లేవు. క్యాము గేరు ఒక పన్ను ముందుకుంది. నువ్వు పొరపాటు చేశావనుకున్నాను. ఆ మాట నీకు రాయడానికి మనసు రాలేదు. నీకు చెప్పకుండానే చుక్కకు చుక్క కలిపేశాను.

దారి తిన్నగా ఉన్నచోట బండి ఎగిరిపోయింది. మలుపు తిరిగి ఎత్తు ఎక్కేచోట చచ్చిపోయింది. మూడు ఇరవై ఆరు. తర్వాత ఒక పన్ను వెనక్కి పెట్టి చూశాను. ఇంకా ఘోరం. చివరికి నువ్వు పెట్టినచోటే పెట్టాను. ఒక్కోచోట పెట్టి మూడేసి సార్లు కొండెక్కాను. ఏ మలుపు దగ్గర ఎంత పట్టిందో రాసుకున్నాను. నువ్వు పెట్టిన పన్ను దగ్గర ఇంజను తక్కువ వేగం నుంచే బలంగా లాగుతోంది. దానికి తగ్గట్టు స్పార్కు కొంచెం ఆలస్యం చేశాను, వాల్వుల సందు మళ్ళీ సరిచూశాను, మలుపుల్లో మొదటి గేరుకు దిగడం మానేశాను.

నిన్న పందెం. మూడు నిమిషాల తొమ్మిది సెకన్లు!

గడియారం పట్టుకున్న పెద్దాయన రెండుసార్లు చూసుకున్నాడు. బేకరీ ఆయన వచ్చి బానెట్టు ఎత్తమన్నాడు. తల లోపలికి పెట్టి చాలాసేపు చూసి, "ఏం చేశాడమ్మా మీ నాన్న దీన్ని?" అన్నాడు.

"రొట్టెలో ఏం కలుపుతావో నువ్వు చెప్తావా?" అన్నాను.

క్లబ్బు గోడ మీద రికార్డుల బోర్డు ఉంది. నడిపినవాళ్ళ పేరు ఒక గడిలో, ఇంజను సిద్ధం చేసినవాళ్ళ పేరు పక్క గడిలో రాస్తారు. రెండో గడిలో నీ పేరు రాయించాను. పుస్తకంలో చెప్పిన గుర్తు కొండకు పనికిరాదని ఇరవై రెండేళ్ళ కిందటే నీకెలా తెలిసింది? నిన్ను అనుమానించాను. మనసులో పెట్టుకోకు.

నీ కూతురు

*

ప్రియమైన అమ్మడికి,

నీ ఉత్తరం రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. మొదటిరోజు కనిపించిన ప్రతివాడికీ చూపించాను. రెండోరోజు ఎవరికీ చూపించలేదు.

నాకేమీ తెలియదు. ఆ పన్ను నేను కావాలని పెట్టింది కాదు.

ఆ రోజుల్లోనే నాకు దగ్గరి చూపు మందగించింది. కళ్ళజోడు పెడితే మేస్త్రీ పని అయిపోయిందంటారని పెట్టుకోలేదు. చుక్కలు కలిశాయనుకుని బిగించేశాను. పక్కన లైటు పట్టుకున్న పొట్టి ఫిట్టరు, "మేస్త్రీ, ఒక పన్ను అటుందేమో చూడండి" అన్నాడట. "నాకు నేర్పేంతవాడివయ్యావా?" అని నేను అరిచానట. నాకు గుర్తే లేదు. నిన్న వాడింటికి వెళ్ళి అడిగితే చెప్పాడు.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"బండి బాగా లాగుతోంది కదా మేస్త్రీ. మీరేమో బాగా అరుస్తారు" అన్నాడు.

లాగిందన్నది నిజమే. అది చూసి చాలామంది బళ్ళు తెచ్చి తమవీ అలాగే చెయ్యమన్నారు. చేశాను. ఒక్కటీ అలా లాగలేదు. నడపడం చేతకాదని వాళ్ళనే తిట్టాను. ఆ బళ్ళ గేర్లన్నీ పొట్టివాడు ఎక్కించాడు. వాడు చుక్కలు సరిగ్గానే కలిపాడు.

నీకు నా మీద కోపం వస్తే రానీ. కానీ ఒకటి విను. ముప్పై ఏళ్ళలో నేను ఏ ఇంజనూ మూడు రకాలుగా బిగించి చూడలేదు. ఒక రకంగా బిగించి, ఇదే సరి అన్నాను. నువ్వు నా మాట కాదని విప్పావు. పుస్తకం మాట విని చూశావు. అదీ చాలదని కొలిచావు. నేను తెలియక పెట్టినచోటికి నువ్వు తెలిసి వచ్చావు. ఆ మూడు సెకన్లూ నీవి.

ఈ మాట ఇవాళ వర్క్‌షాపుకు వెళ్ళి అందరి ముందూ చెప్పాను. కొత్తగా వచ్చిన మేస్త్రీ కూడా పని ఆపి విన్నాడు. నా పొరపాటు నేనే చెప్పుకుని, ఇంత గర్వంగా ఇంటికి నడిచి రావడం ఇదే మొదలు.

బోర్డు మీద నా పేరు చెరిపించు. రెండు గడుల్లోనూ నీ పేరే ఉండాలి. రాసేవాడు బద్ధకిస్తే ఊరుకో, పై నెల నేనే వచ్చి రాస్తాను. కళ్ళజోడు పెట్టుకునే వస్తాను.

మీ నాన్న