పని కాదు, ట్రైనింగ్

జూన్ 4, సోమవారం. ఏక్‌బాల్‌పూర్. సాయంత్రం 6.10

కొత్త డైరీ, కొత్త తీర్మానం. జీతం లేకుండా ఒక్క గంట కూడా పని చెయ్యను. ఎవరడిగినా, ఎంత తియ్యగా అడిగినా సరే!

బెంగాల్‌లో ఉన్న మా ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే, కాబట్టి ఈ డైరీకి తాళం అక్కర్లేదు. తీర్మానం మాత్రం నాన్నకి పైకే చెప్పాను. నాన్న పేరు బైరాగి. ముప్పై ఏళ్ళుగా ఇక్కడి ఓడరేవు డాక్‌లో కూలీ, యూనియన్ మనిషి.

"అదీ మాటంటే. నా ముప్పయ్యేళ్ళలో కూలి నేకుండా ఒక్క బస్తా ముట్టుకోనేదు," అన్నాడు. వెంటనే తువ్వాలు భుజాన వేసుకుని యూనియన్ ఆఫీసుకి వెళ్ళి, మా అన్నపూర్ణ ఊరికే పని చేసే రకం కాదని అందరికీ చెప్పి వచ్చాడు.

జూన్ 6, బుధవారం

సాల్ట్ లేక్, సెక్టార్ ఫైవ్. కాల్ సెంటర్‌లో ఇంటర్వ్యూ. ఆంధ్రాలో మొబైల్ వాడేవాళ్ళు ఫోన్ చేస్తే ఇక్కణ్ణుంచి తెలుగులో జవాబు చెప్పాలి. పాసయ్యాను!

ట్రైనర్ తపన్ దా, అంటే తపన్ అన్న, అసలు సంగతి చివర్లో చెప్పాడు. ముందు పదిహేను రోజులు ట్రైనింగ్, దానికి జీతం ఉండదు. లేచి వచ్చేద్దామని బ్యాగు తీశాను.

"నేర్చుకునేటప్పుడు జీతం ఏమిటి?" అన్నాడు బెంగాలీలో, చాలా తియ్యగా. "కాలేజీలో నీకెవరైనా జీతం ఇచ్చారా?"

దానికి జవాబు ఆటో ఎక్కాక తోచింది. అప్పటికే సంతకం పెట్టేశాను.

ఆలోచిస్తే ఇందులో తప్పేమీ లేదు. నా తీర్మానం పని గురించి. ఇది పని కాదు, ట్రైనింగ్. నాన్నకి ఉద్యోగం వచ్చిందని చెప్పాను. అబద్ధం కాదు, కొంచెం ముందుగా చెప్పాను, అంతే.

జూన్ 11, సోమవారం

మొదటి రోజు. పదకొండు మందిమి. అందరం బెంగాల్‌లో పుట్టిన తెలుగువాళ్ళమే. తపన్ దాకి తెలుగు ఒక్క ముక్క రాదు. వాక్యాలు బెంగాలీ అక్షరాల్లో రాసుకొచ్చి చదివాడు. ఒక్కటీ ఎవరికీ అర్థం కాలేదు.

2.30. "నువ్వే కొంచెం చెప్పు వీళ్ళకి," అన్నాడు. చెప్పాను. తను వెనక కూర్చుని టీ తాగాడు. ఒకరికి చెబితే మనకీ బాగా వస్తుంది కదా.

జూన్ 15, శుక్రవారం

ఈ వారం నేను చేసినవి: క్లాసు చెప్పడం. వాక్యాలన్నీ తెలుగులో తిరగరాయడం. హాజరు తీసుకోవడం.

తపన్ దా చేసినవి: నన్ను మెచ్చుకోవడం.

దీన్ని పని అనాలంటే జీతం ఉండాలి. జీతం లేదు. కాబట్టి పని కాదు.

జూన్ 20, బుధవారం

ఇవాళ నిజమైన కాల్స్! ప్రాక్టీసు కోసమట. గుంటూరు నుంచి ఒక పెద్దాయన చేశాడు. "ఏటైందండి, సిగ్నల్ నేదా?" అన్నాను, ఇంట్లో అన్నట్టే. ఆయన నా యాస పట్టేసి, సిగ్నల్ మాట మరిచిపోయి, తన కోడలిదీ మా నాన్న వాళ్ళ టెక్కలేనని ఇరవై నిమిషాలు మాట్లాడాడు.

చుట్టూ విన్నాను. పది మందీ "ఏటండి, ఏటైందండి" అంటున్నారు. అంతా నేను నేర్పిందే. గర్వంగా అనిపించింది.

జూన్ 25, సోమవారం

పదిహేను రోజులూ పూర్తి. ఇవాళ ఉద్యోగం కాగితం ఇవ్వాలి. ఇవ్వలేదు. బ్యాచ్ మొత్తానికి యాస తప్పని ఫిర్యాదు వచ్చిందట. ట్రైనింగ్ ఇంకో పదిహేను రోజులు.

"అందరికీ ఒకే తప్పు ఎలా పట్టుకుంది?" అని తపన్ దా ఆశ్చర్యపోయాడు. నేను నేల చూశాను. తప్పు నాదైనప్పుడు జీతం అడగడం బాగుండదు.

ఇకమీదట హైదరాబాద్ వాళ్ళలా మాట్లాడాలి. నేర్పేది ఎవరు? నేనే. నాకూ రాదు. ఇంటికొచ్చి టీవీలో తెలుగు వార్తలు చూసి నేర్చుకుంటున్నాను.

జూలై 4, బుధవారం. మధ్యాహ్నం 1.00

రేపు బంద్. సర్కారూ నాన్న యూనియన్ పార్టీదే, బంద్ కూడా వాళ్ళదే. ఆ లెక్క నాన్నకి తెలుసు. ఆఫీసువాళ్ళు ఈరోజే బస్సులో తీసుకెళ్ళి రేపంతా అక్కడే ఉంచుతారు. దుప్పటి మనదే. మూట కడుతుంటే నాన్న జెండా కర్ర తుడుస్తూ అడిగాడు.

"బంద్ నాడు పనికెల్తావేటే?"

"పని కాదు నాన్నా. ట్రైనింగు."

"మరి ట్రైనింగుకి సెలవు నేదా?"

"పని కాదు కదా, సెలవెలా ఇస్తారు?"

నాన్న కర్ర పక్కన పెట్టాడు. "పని కాపోతే జీతమేటి మరి?"

"నెలాఖరుకి ఇస్తారు," అన్నాను. ఇది మాత్రం అచ్చంగా అబద్ధమే.

జూలై 9, సోమవారం

కొత్త బ్యాచ్ వచ్చింది. తపన్ దా వేరే గదికి మారాడు. నేనిప్పుడు 'సీనియర్ ట్రైనీ'ని. జీతం సంగతి వచ్చే నెల చూస్తారట.

మొదటి వరసలో విజయ కుమారి. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సు పిల్ల, మొదటి లోకల్ పట్టుకుని హౌరాలో దిగి వచ్చింది. లేచి నిలబడింది.

"దీదీ, ట్రైనింగుకి జీతం ఇస్తారా?"

"నేర్చుకునేటప్పుడు జీతం ఏమిటమ్మా?" అన్నాను. చాలా తియ్యగా అన్నాను. "కాలేజీలో నీకెవరైనా ఇచ్చారా?"

ఆ పిల్ల బ్యాగులో చెయ్యి పెట్టింది. వెళ్ళిపోతుందేమో అనుకున్నాను, వెళ్ళిపోతే బాగుండుననీ అనుకున్నాను. పెన్ను తీసి ట్రైనింగు కాగితం మీద సంతకం పెట్టింది. నాకు సిగ్గేసింది.

సాయంత్రం 7.00

నాన్నకి అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"నాను ఊర్నించి వొచ్చినప్పుడు కూలీల సర్దార్ గవరయ్య కింద ఆర్నెల్లు బస్తాలు మోసినాను. కూలి నేదు. నేర్సుకుంతన్నావు కదరా, కూలేటి, అనీవోడు."

"కూలి లేకుండా ఒక్క బస్తా కూడా ముట్టుకోలేదన్నావుగా?"

"రిజిస్టర్ల పేరెక్కిన కాణ్ణించే నెక్క." భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టాడు. "తరవాత కొత్తగా వొచ్చినోల్లకి నానూ అదే మాట సెప్పినాను."

తరవాత నాన్నే అడిగాడు.

"గవరయ్య రెండు పూటలా బువ్వెట్టీవోడు. మీవోల్లు అన్నమైనా ఎడతన్నారా?"

"లేదు నాన్నా. టీ కూడా మనమే కొనుక్కోవాలి."

నాన్న ఇవాళ యూనియన్ ఆఫీసుకి వెళ్ళలేదు.

జూలై 10, మంగళవారం. ఉదయం 6.15

కొత్త పేజీ, పాత తీర్మానం. జీతం లేకుండా ఒక్క గంట కూడా పని చెయ్యను. క్లాసు చెప్పడం పనే. కాల్ తీసుకోవడం పనే. విజయ కుమారికి నిన్న చెప్పింది తప్పని అందరి ముందూ చెప్పి, లేచి వచ్చేయాలి.

అయితే 9.30కి క్లాసుంది. నేను మధ్యలో లేచి వచ్చేస్తే, అంత దూరం నుంచి వచ్చిన పిల్ల ఊరికే తిరిగి వెళ్ళాలి. కాబట్టి ఈ ఒక్క రోజూ చెప్పేస్తాను. తీర్మానం రేపటి నుంచి.

ఇవాళ క్యారేజీ బరువుగా ఉంది. మూత తీసి చూశాను. అమ్మ రెండు పూటలకి సరిపడా అన్నం పెట్టింది. నాన్న పెట్టమన్నాడట.