అరిసెలు పంచాను, కోప్పడకు

ఆళ్లగడ్డ

మా ప్రేమకుమారికి అమ్మ దీవెనలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. పోలీసు ట్రైనింగులో నువ్వు ఎండకు పరుగెత్తి సగమైపోయి ఉంటావని మీ నాయన రోజూ సణుగుతున్నాడు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. నీ కొడుకు ఇస్సాకు రాగిజావ బాగా తాగుతున్నాడు. దగ్గు తగ్గింది. అల్లుడు ఆదివారం నంద్యాల నుంచి వచ్చి పొద్దుగూకేదాకా వాడితో ఆడి వెళ్లాడు. నీ ఫోటో చూపిస్తే వాడు చేత్తో టపటపా కొడతాడు. అది ముద్దో కోపమో నాకైతే తెలియదు.

ఇక అసలు సంగతి. ఫోన్‌లో చెబితే ట్రైనింగులో మీకిచ్చే కాస్త సమయం మన ఏడుపులకే సరిపోతుందని రాస్తున్నాను. "నేనొచ్చేదాకా వాణ్ని అడుగు వేయనీయొద్దమ్మా, మొదటి అడుగు నేనే చూడాలి" అని రాశావు కదా. నువ్వేదో బెంగకొద్దీ రాశావు. నేను పిచ్చిదాన్ని, దాన్నే పట్టుకున్నాను. వాడు మంచం కోడు పట్టుకుని లేచి చెయ్యి వదలబోతే చాలు, ఉరికి వెళ్లి ఎత్తుకునేదాన్ని. మొదట్లో గింజుకున్నాడు. తర్వాత ఏడ్చాడు. చివరికి లేవడమే మానేశాడు తల్లీ. బొమ్మ దొర్లిపోయినా దాని వెంట పోకుండా నా మొహం వంక చూసేవాడు.

పక్కింటి హుస్సేన్‌బీ నా మొహం మీదే అనేసింది. "ఏందక్కా, పిల్లోడు పడతాడనా నీ భయం, నడుస్తాడనా? లేసినప్పుడల్లా ఎత్తుకుంటాండావ్. నాకు చేతగాదేమో అని ఆ బిడ్డ అనుకోడా?"

అప్పటి నుంచి దూరంగా కూర్చున్నాను. లేస్తే భలే అన్నాను, పడితే మళ్లీ రా నాయనా అన్నాను. కొన్నాళ్లు నన్ను నమ్మలేదు, అనుమానంగా చూశాడు. మొన్న గురువారం కోడు వదిలేశాడు. రెండడుగులు వేసి దబ్బున కూలబడ్డాడు. ఏడుస్తాడనుకుంటే, దొంగ వెధవ, తనకు తనే చప్పట్లు కొట్టుకున్నాడు.

మీ నాయన కళ్లు తుడుచుకుంటూ బెల్లానికి పోయాడు. అరిసెలు వండి, వాటి మీద వాణ్ని నడిపించి, వీధంతా పంచాను. నువ్వు లేకుండా పంచుతుంటే చేతులు ఆడలేదు. నీకు దక్కాల్సింది నేను చూశాను. తిట్టాలనుంటే తిట్టు, పడతాను.

ఒక్క మాట మాత్రం విను. సెలవు మీద వచ్చినప్పుడు వాకిట్లోనే కూర్చో. బెంగతో ఉంటావు, చేతులు ఆగవు, నాకు తెలుసు. అయినా ఉరికొచ్చి ఎత్తుకోవద్దు. ఎన్నిసార్లు పడినా సరే, నీ దగ్గరికి వాణ్నే నడిచి రానీ.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న
అమ్మ అనసూయమ్మ