పిచ్చుక మంచం పక్కన ఎనిమిది నిమిషాలు

అమ్మా,

నీ ఉత్తరం అందింది. అందులో పిచ్చుక గురించి మూడుసార్లు అడిగావు, నా గురించి ఒక్కసారి. లెక్కపెట్టాను.

ఫోన్‌లో అయితే "అందరం బాగున్నాం" అని పెట్టేస్తాను. కాగితం మీద నా గొంతు వినపడదు కాబట్టి నిజం రాస్తున్నాను. నాకు అదంటే కుళ్ళు. అసూయ అనేంత పెద్దమాట కూడా అక్కర్లేదు, ఉత్త కుళ్ళు.

ఈ గుండె ఐసీయూలో ఇద్దరం ఒకే రోజు నర్సులుగా చేరాం. ఆరునెలలుగా హాస్టల్లో ఒకే గదిలో ఉంటున్నాం. పొట్టిగా, గలగలా మాట్లాడుతుందని దాన్ని అందరూ పిచ్చుక అంటారు. పొడుగ్గా ఉంటానని నన్ను నిట్రాట అంటారు. ఎవరు ముద్దో ఎవరు కాదో పేర్లు పెట్టినప్పుడే తేలిపోయింది. మొదటి నెలంతా ఏ మానిటర్ మోగినా నా పేషెంటుదేనేమోనని హడలిపోయి పరిగెత్తేదాన్ని. పిచ్చుక తలైనా తిప్పకుండా "అది సెలైన్ పంపు మోతలే, కంగారుపడకు" అనేది. సాయం చేసినట్టు కాదు, పదిమందిలో నా పరువు తీసినట్టుండేది. సెలవు రోజున నేను ఈసీజీ గీతలు బట్టీపడుతుంటే అది దుప్పటి ముసుగు తన్ని పడుకుంటుంది. మర్నాడు హెడ్ సిస్టర్ అడిగితే టక్కున చెప్పేది అదే!

ఆపరేషన్ థియేటర్ నుంచి నేరుగా వచ్చే పేషెంటును మా ఇద్దరిలో ముందు ఎవరికి అప్పగిస్తారా అని ఎదురుచూస్తూ వచ్చాం. నిన్న దాన్ని పిలిచారు. నాకేమో రేపో మాపో వార్డుకు పోయే ఆవిణ్ణి ఇచ్చారు. "మంచిదే" అని నవ్వాను. దవడలు నొప్పిపుట్టాయి.

నన్ను చూడ్డానికొచ్చి నువ్వు ఇక్కడున్న రెండు రోజుల్లో దానికి జడ కూడా వేశావు. నాకు వేసి ఎన్నేళ్ళైందమ్మా?

నీ పెద్దమ్మాయి

•

అమ్మా,

ఈ ఉత్తరం నాన్నకు చదివి వినిపించకు.

పిచ్చుక పేషెంటు బడిబస్సు నడిపి రిటైరైన పెద్దాయన. ఆపరేషన్ అయ్యాక గుండె చుట్టూ ఊరే రక్తం బయటికి పోవాలని ఛాతీలోంచి ఒక గొట్టం పెడతారు, కింద సీసా ఉంటుంది. సీసా మార్చేటప్పుడు గొట్టాన్ని క్లాంపుతో నొక్కి, మార్చగానే తీసేయాలి, లేకపోతే రక్తం లోపలే పేరుకుని గుండెను నొక్కేస్తుంది. మొన్న మధ్యాహ్నం పిచ్చుక సీసా మార్చింది. అంతలో దాని రెండో పేషెంటు వాంతి చేసుకుంటుంటే అటు పరిగెత్తింది. క్లాంపు అలాగే ఉండిపోయింది.

నేను పక్క మంచం దగ్గరే నిలబడి చూశాను. నోరు తెరవబోయి గోడ గడియారం వైపు చూశాను. పది నిమిషాల్లో హెడ్ సిస్టర్ రౌండుకు వస్తుంది. రానీ, ఆవిడే చూడనీ, ఒక్కసారి దాన్ని కూడా అందరి ముందు తలదించుకోనీ అనుకున్నాను.

పెద్దాయన బీపీ నూట పద్దెనిమిది ఉన్నది నూట నాలుగైంది. నేను నా పేషెంటు దుప్పటి సర్దాను. తొంభై ఆరు. సర్దిన దుప్పటే మళ్ళీ సర్దాను. "అమ్మాయ్, ఎందుకో ఆయాసంగా ఉంది" అన్నాడాయన నన్ను చూసి. ఎనభై రెండు. అప్పుడు నా కాళ్ళు కదిలాయి. క్లాంపు తీయగానే గడ్డలతో సహా రక్తం భళ్ళున సీసాలో పడింది. డాక్టర్‌ని కేకేశాను. అరగంటకు ఆయన మొహంలోకి రంగు వచ్చింది.

ఎనిమిది నిమిషాలమ్మా.

"నీవి డేగ కళ్ళే" అంది హెడ్ సిస్టర్. పిచ్చుక నన్ను వాటేసుకుని, "నువ్వు చూడకపోతే ఆయన పోయేవాడే" అని వెక్కివెక్కి ఏడ్చింది. దాన్ని తప్పించి పెద్దాయన్ని నాకిచ్చారు. ఆరునెలలుగా కోరుకున్నవన్నీ ఒక్క రోజులో నా ఒళ్ళో పడ్డాయి. "నా ప్రాణం నిలబెట్టావు తల్లీ" అని ఆయన అంటుంటే, మాత్ర ఆయన చేతిలో పెట్టి సీసా వైపు తిరిగాను.

ఒంట్లో బాగుండటం లేదని రాజీనామా రాసి పెట్టుకున్నాను. వారంలో ఇచ్చేసి వచ్చేస్తాను. ఎవరైనా అడిగితే నువ్వూ అదే చెప్పు.

నీ
పెద్దమ్మాయి

•

అమ్మా,

రెండు నెలలైంది నీకు రాసి. "ఇంటికి రా, కానీ ఆ అమ్మాయికి చెప్పి రా" అని ఒకే ఒక్క వాక్యం రాశావు. మూడు రోజులు నీ మీద ఒళ్ళు మండిపోయింది. చివరికి నువ్వు కూడా దాని తరఫే అనుకున్నాను.

నాలుగో రోజు చెప్పాను. పిచ్చుక ఉతికిన యూనిఫాం ఆరేస్తోంది.

"ఎంతసేపు చూశావు?"

"ఎనిమిది నిమిషాలు."

"నేను నీ కాళ్ళ మీద పడటం ఒక్కటే తక్కువ ఆ రోజు" అంది. కాలరు ముడతలు తీసి, క్లిప్పు పెట్టి, పెట్టె సర్దుకుని పక్క గదికి వెళ్ళిపోయింది.

హెడ్ సిస్టర్ నా రాజీనామా వెనక్కి తోసి, "ఇందులో ఉన్నది అబద్ధం. జరిగింది రాసివ్వు. నిన్ను ఉంచాలో పంపాలో అప్పుడు తేలుస్తారు" అంది. రాసిచ్చాను. పెద్దాయనకు కూడా డాక్టర్ ఎదుటే చెప్పాను. ఆయన మొహం గోడవైపు తిప్పుకుని, "ఆయాసమన్నాక వచ్చావు కదా" అన్నాడు. తర్వాత డాక్టర్‌తో "ఇంకో అమ్మాయిని పంపండి" అన్నాడు. ఆయన కులాసాగా ఇంటికి వెళ్ళాడు. నన్ను పంపేయలేదు కానీ, మూడు నెలలు ఒంటరిగా ఏ పేషెంటునూ చూడకూడదన్నారు. సీనియర్ల వెనకాల తిరుగుతున్నాను. పిచ్చుకను మందలించి వదిలేశారు. అది నాతో పని మాట తప్ప మాట్లాడదు.

ఈ రోజు పొద్దున దాని పేషెంటుకు గుండె ఆగిపోయింది. దగ్గర్లోనే ఇద్దరు సీనియర్లున్నారు. అది మాత్రం "నిట్రాటా!" అని అరిచింది. ఎలా వెళ్ళానో తెలియదు. అది అలిసిపోతే నేను, నేను అలిసిపోతే అది, ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాం. నాలుగో నిమిషంలో మానిటర్ మీద గీత లేచింది.

చేతులు కడుక్కుంటున్నప్పుడు అడిగాను. "అంతమంది ఉండగా నన్నెందుకు పిలిచావు?"

"నువ్విక ఒక్క క్షణం కూడా ఆగవని తెలుసు కాబట్టి" అంది, నా మొహంలోకి చూడకుండానే.

గదికి తిరిగొస్తానని అనలేదు. నేనూ అడగలేదు. ఇంతలో డాక్టర్ వచ్చి దాని భుజం తట్టి మెచ్చుకున్నాడు, నావైపు చూడనైనా చూడలేదు. మళ్ళీ అదే కుళ్ళు రగిలింది, నీ దగ్గర అబద్ధమెందుకు. ఆ మంట మండుతుండగానే దాని దగ్గరికి వెళ్ళి, "నీ రెండో పేషెంటుకు పదకొండు గంటల మందు టైమైంది" అని చెప్పాను.

నేను ఇంటికి రావడం లేదమ్మా.

నీ పెద్దమ్మాయి